కోడిలో మీ సొంత పాటలు వినడం ఎలా?

విజయనగరంలో మా వీధిలోనే ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు పోయిన వేసవిలో ఆండ్రాయిడ్ టీవీ కొనుక్కుని, అందులో కోడి అనే సాఫ్ట్‌వేర్ వేయించుకుని, ఇన్నేళ్లుగా పోగుచేసిన పాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వారం రోజులు తంటాలు పడి చివరికి మా గుమ్మంలోకి వచ్చారు. "బాబూ, పాటలన్నీ ఎక్కించేను గాని సగం కనపడవు, కనపడిన సగం ఎక్కడెక్కడో తేలుతున్నాయి, ఇదేటి వరసో చూడు" అన్నారు. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ద్వారం వారి వయొలిన్ ఒక ఫోల్డర్‌లో, సుశీల పాటలు ఇంకొక దానిలో, హరికథలు వేరొక దానిలో, బీరువాలో బట్టలు మడతపెట్టినట్టు సర్ది ఉన్నాయి. ఆయన సర్దుబాటులో లోపమేమీ లేదు. ఫోల్డర్ మీద మనం రాసుకున్న పేరును కోడి లైబ్రరీ లెక్కలోకి తీసుకోదనీ, ప్రతి ఫైలు లోపల ఉండే చీటీని మాత్రమే చదువుతుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి గనుక, ఈ వ్యాసంలో పాట వినిపించేంత వరకు త్వరగా నడిచి, ఆ చీటీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పేరు విని పందెం కోడి అనుకోకండి. 2002లో ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టె కోసం కొందరు ఔత్సాహికులు రాసిన ప్లేయర్ క్రమంగా ఎక్స్‌బీఎంసీ అయింది, 2014లో కోడి అని పేరు మార్చుకుంది. ఇది ఉచితం, విండోస్, లినక్స్, మాక్ కంప్యూటర్ల మీద, ఆండ్రాయిడ్ టీవీల మీద, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డుల మీద కూడా నడుస్తుంది. కోడిలో పాటలూ సినిమాలూ ఏవీ ఉండవు, మన దగ్గరున్నవాటిని అది చూపిస్తుంది, వినిపిస్తుంది, అంతే. కాబట్టి "అన్నీ ఎక్కించి ఇస్తాం" అంటూ ఎవరైనా కోడి పెట్టె అమ్మజూపితే దూరంగా ఉండండి; ఆ ఎక్కించినవి కోడిని తయారుచేసినవారు పెట్టినవి కావు.

కంప్యూటర్ ఉన్నవారు మొదట అందులోనే కోడిని వేసుకుని అలవాటు పడితే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఫైళ్ల లోపలి చీటీలను సరిచేసే పని ఎలాగూ కంప్యూటర్ మీదే చేసుకోవాలి. విండోస్ వాడేవారు కోడి డాట్ టీవీ అనే అధికారిక సైటు నుంచి గానీ మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి గానీ, ఆండ్రాయిడ్ టీవీ వాడేవారు ప్లే స్టోర్ నుంచి గానీ దింపుకోవాలి. టీవీలో మొదటిసారి తెరవగానే స్టోరేజ్ చూడటానికి అనుమతి అడుగుతుంది. కంగారులో వద్దని నొక్కితే ఆ తర్వాత పెన్‌డ్రైవ్ ఎంత వెతికినా కనిపించదు. అలా జరిగినట్లయితే టీవీ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, కోడిని ఎంచుకుని, పర్మిషన్స్‌లో స్టోరేజ్‌కు అనుమతి ఇచ్చి, కోడిని మూసి మళ్లీ తెరవాలి.

మొదట ఫైల్స్ దారి

కోడిలో పాట వినడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి ఫైల్స్ దారి: పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు ఎలా ఉన్నాయో అలాగే కనిపిస్తాయి, మనం లోపలికి వెళ్లి పాటను నొక్కితే మోగుతుంది. రెండవది లైబ్రరీ దారి: కోడి ప్రతి ఫైలునూ తెరిచి, చీటీ చదివి, గాయకుల వారీగా, ఆల్బమ్‌ల వారీగా, సంవత్సరాల వారీగా తానే ఒక పట్టిక తయారు చేసుకుంటుంది. మొదటి రోజున లైబ్రరీ జోలికి పోకుండా ఫైల్స్ దారిలోనే వినమని నా సలహా. పాట మోగుతోందో లేదో, ధ్వని సరిగా వస్తోందో లేదో తేలిన తర్వాతే రెండవది ఎత్తుకోవాలి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఎక్కడ చిక్కు పడిందో తెలియదు.

కోడి తెరవగానే ఎడమవైపు నిలువుగా ఒక జాబితా ఉంటుంది. అందులో 'మ్యూజిక్' మీదికి వస్తే, ఇంకా ఏమీ చేర్చలేదు గనుక, లైబ్రరీ ఖాళీగా ఉందని చెబుతూ ఫైల్స్ విభాగంలోకి వెళ్లమనే బొత్తాం ఒకటి కుడివైపు కనిపిస్తుంది. దానిని నొక్కితే 'యాడ్ మ్యూజిక్' అనే వరస వస్తుంది. అది నొక్కి, 'బ్రౌజ్' నొక్కి, మీ పాటలున్న డ్రైవ్‌ను, అందులో పాటల ఫోల్డర్‌ను ఎంచుకుని 'ఓకే' అనాలి. టీవీలో అయితే పెన్‌డ్రైవ్ దాని సొంత పేరుతోనో, ఎక్స్‌టర్నల్ స్టోరేజ్ అనే పేరుతోనో కనిపిస్తుంది. ఇక్కడ కొత్తవారు పొరబడే చోటు ఒకటుంది: ఫోల్డర్ తెరిచాక లోపల పాటల ఫైళ్లు కనిపించకపోతే పెన్‌డ్రైవ్ ఖాళీ అయిందని బెంబేలు పడతారు. ఈ తెర ఫోల్డర్‌ను ఎంచుకోవడానికి మాత్రమే. ఫైళ్లను చూపించడం దాని పని కాదు. ఫోల్డర్‌లో నిలబడి 'ఓకే' నొక్కితే చాలు. ఆ తర్వాత ఈ చోటుకు ఒక పేరు పెట్టమంటుంది. 'నా పాటలు' అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి, మళ్లీ 'ఓకే' నొక్కండి.

పేరు పెట్టగానే, ఇందులోని పాటలను లైబ్రరీకి చేర్చాలా అని కోడి అడుగుతుంది. ఈసారికి 'నో' అని చెప్పండి. మాస్టారు ఇక్కడ 'ఎస్' అన్నారు, ఆ వారం రోజుల తిప్పలు అక్కడినుంచే మొదలయ్యాయి.

ఇప్పుడు ఫైల్స్‌లో మీరు పెట్టిన పేరు కనిపిస్తుంది. లోపలికి వెళ్లి, ఏదైనా ఒక పాట మీద ఎంటర్ నొక్కితే మోగడం మొదలవుతుంది. ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్, ఓగ్, వేవ్, డబ్ల్యూఎంఏ వంటి సాధారణ రకాలన్నీ అదనంగా ఏదీ వేసుకోకుండానే మోగుతాయి.

పాట మోగుతూ ఉండగా

కీబోర్డు మీద స్పేస్ నొక్కితే పాట ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగిన చోటినుంచే సాగుతుంది. ఎక్స్ నొక్కితే పూర్తిగా ఆగిపోతుంది. కూడిక గుర్తు, తీసివేత గుర్తు ధ్వనిని పెంచి తగ్గిస్తాయి. బ్యాక్‌స్పేస్ వెనక్కి తీసుకెళుతుంది గాని పాటను ఆపదు, ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది గాభరా పడతారు. వెనక్కి వెనక్కి వెళ్లి మొదటి తెర దాకా వచ్చినా పాట మోగుతూనే ఉంటుంది, దాన్ని ఎక్కడ ఆపాలో కనిపించదు, చివరికి ప్లగ్గు పీకేస్తారు. పాట తెర ఎక్కడికి పోయిందో తెలియనప్పుడు ట్యాబ్ నొక్కండి. మోగుతున్న పాట నిండు తెరలో వచ్చేస్తుంది, మళ్లీ ట్యాబ్ నొక్కితే మీరు ఉన్న చోటికి తిరిగి వస్తారు.

ఒక పాట వింటూ ఉండగా ఇంకొక పాట మీద ఎంటర్ నొక్కితే, మొదటిది ఆగిపోయి రెండవది మొదలవుతుంది. వింటున్నది పూర్తయ్యాకే రెండవది రావాలంటే దాని మీద నిలబడి క్యూ అక్షరం నొక్కాలి. అది వరసలో చేరుతుంది. రిమోట్ వాడేవారు ఓకే బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే చిన్న జాబితా ఒకటి తెరుచుకుంటుంది. కీబోర్డు మీద సీ నొక్కినా, మౌస్ కుడి బొత్తాం నొక్కినా అదే జాబితా వస్తుంది. వరసలో చేర్చడం, దీని తర్వాతే మోగించడం, ఇష్టమైనవాటిలో దాచుకోవడం అన్నీ ఆ జాబితాలోనే ఉంటాయి. కోడిలో ఏ పని ఎక్కడుందో తోచనప్పుడు ఆ జాబితా తెరిచి చూడటం అలవాటు చేసుకోండి, పదింట ఎనిమిదిసార్లు మీకు కావలసింది అందులోనే దొరుకుతుంది.

పాట నడుస్తున్నట్టు తెర మీద సెకన్లు కదులుతున్నాయి గాని శబ్దం లేదు అంటే ఫైలును అనుమానించకండి. కంప్యూటర్‌కు స్పీకర్లూ, హెచ్‌డీఎంఐ తీగ మీద టీవీ, బ్లూటూత్ పెట్టె మూడూ తగిలించి ఉన్నప్పుడు కోడి వాటిలో ఏదో ఒక దానికి శబ్దం పంపుతుంది, అది మనం కూర్చున్న చోటిది కాకపోవచ్చు. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', అందులో 'ఆడియో' తెరిచి, మొదట కనిపించే 'ఆడియో అవుట్‌పుట్ డివైస్' దగ్గర సరైనదాన్ని ఎంచుకోండి. అక్కడే ఛానళ్ల సంఖ్య కూడా ఉంటుంది. రెండు స్పీకర్లు మాత్రమే ఉన్నవారు దానిని 2.0 దగ్గరే ఉంచాలి.

అన్నట్టు, కచేరీలు వినేవారికి ఒక మాట. సెట్టింగ్స్‌లో 'ప్లేయర్', అందులో 'మ్యూజిక్' దగ్గర ఒక పాట తోక మీదికి మరొక పాట తలను కలిపే క్రాస్‌ఫేడ్ అనే ఏర్పాటు ఉంది. సినిమా పాటలకు అది ఎవరి ఇష్టం వారిది. ఆలాపన ఒక ఫైలుగా, కీర్తన ఒక ఫైలుగా, తని ఆవర్తనం ఇంకొక ఫైలుగా ముక్కలు చేసిన కచేరీకి మాత్రం అది పనికిరాదు, సున్నా దగ్గర ఉంచండి. ఆలాపన ముగింపులో విద్వాంసుడు ఇచ్చిన విరామాన్ని మన సాఫ్ట్‌వేర్ మింగేయకూడదు కదా.

ఫైలు లోపలి చీటీ

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రతి పాట ఫైలులోనూ ధ్వనితో పాటు కొన్ని మాటలు దాగి ఉంటాయి: పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం, వరస సంఖ్య, ఇంకా కొన్ని. వీటిని ట్యాగులు అంటారు. నేను చీటీ అంటున్నది వీటినే. ఫైలు పేరు వేరు, చీటీ వేరు. మీరు ఫైలు పేరును ఎంత చక్కగా మార్చినా లోపలి చీటీ పాతదే ఉంటుంది. చీటీ లేని ఫైలును కోడి లైబ్రరీలో చేర్చుకోదు. ఫైల్స్ దారిలో అయితే శుభ్రంగా మోగుతుంది. మాస్టారి పాటల్లో కనిపించని సగం ఇవే. ఆయన క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న రికార్డింగులన్నీ వేవ్ ఫైళ్లుగా, చీటీ అన్నదే లేకుండా ఉన్నాయి.

అలాంటి క్యాసెట్ రికార్డింగులు మీ దగ్గర కూడా ఉంటే వాటిని ముందుగా ఫ్లాక్ రకంలోకి మార్చుకోండి. సీడీ నాణ్యతలో ఉన్న వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది; 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలు, అంటే 450 ఎంబీ. ఫ్లాక్‌లోకి మారిస్తే ధ్వనిలో రవ్వంత కూడా పోకుండా పరిమాణం బాగా తగ్గుతుంది, పైగా చీటీ రాసుకోవడానికి అందులో చక్కటి చోటు ఉంటుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైలును తెరిచి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫ్లాక్ ఎంచుకుంటే సరిపోతుంది.

చీటీ ఉన్నా అది సరైనదే అని నమ్మడానికి లేదు. తెలుగు ఎంపీ3ల సంగతి తెలిసిందే: ఎవరో ఎక్కడో దింపి, వారి నుంచి వీరికి, వీరి నుంచి మనకు చేతులు మారిన ఫైళ్లలో సంగీత దర్శకుడి పేరు ఉండవలసిన చోట ఏదో వెబ్‌సైటు పేరు ఉంటుంది, ఆల్బమ్ చోటా అదే ఉంటుంది, బొమ్మ చోట ఆ సైటు ముద్ర ఉంటుంది. కోడికి ఇవేమీ తెలియదు గనుక, ఆ వెబ్‌సైటును ఒక మహా గాయకుడిగా భావించి మూడు వందల పాటలు దాని పేరిట పెడుతుంది.

ఇంకొక రకం తెగులు ఉంది. ఎంపీ3 చీటీల్లో తొలి తరం దానిలో పాట పేరుకు 30 అక్షరాల చోటే ఉండేది. ఎవరైనా ఒక కచేరీలోని ముఖ్యాంశానికి ఇంగ్లీషు అక్షరాల్లో 'రాగం తానం పల్లవి' అని రాసి, ఒక గీత గీసి, పక్కన 'శంకరాభరణం' అని రాశారనుకోండి. ఖాళీలతో సహా లెక్కపెడితే ముప్పయ్యో అక్షరం దగ్గరికి వచ్చేసరికి 'శంకర' వరకే అవుతుంది. ఆభరణం కాస్తా రాలిపోతుంది. పాత ఫైళ్లలో రాగం పేర్లు మధ్యలో తెగి కనిపిస్తే కారణం ఇదే. ఆ తరం చీటీలో సంగీత రకానికి కూడా 80 పేర్ల స్థిరమైన పట్టిక ఒకటి ఉండేది, బ్లూస్‌తో మొదలవుతుంది. అందులో కర్ణాటక సంగీతం లేదు. అందుకే మన పాత కీర్తనల ఫైళ్లు చాలావాటికి రకం దగ్గర 'అదర్' అనో మరేదో సంబంధం లేని మాటో ఉంటుంది. తరువాతి తరం చీటీలో ఈ హద్దులు లేవు, మీకు నచ్చిన మాట రాసుకోవచ్చు.

చీటీలు సరిచేయడానికి విండోస్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. పేరు ఎంపీ3 అని ఉన్నా ఫ్లాక్, ఎం4ఏ ఫైళ్ల మీద కూడా పనిచేస్తుంది. లినక్స్ వాడేవారికి కిడ్3 ఉంది. ఒక ఆల్బమ్ ఫోల్డర్‌ను ఎంపీ3ట్యాగ్‌లో తెరిస్తే కుడివైపు ఫైళ్లన్నీ వరసగా, ఎడమవైపు నింపవలసిన గడులు కనిపిస్తాయి. కంట్రోల్, ఏ కలిపి నొక్కి అన్ని ఫైళ్లనూ ఎంచుకుని, అన్నింటికీ ఒకటే ఉండవలసిన గడులను, అంటే ఆల్బమ్, ఆల్బమ్ ఆర్టిస్ట్, సంవత్సరం, రకం అనే నాలుగింటిని మాత్రమే నింపి, కంట్రోల్, ఎస్ నొక్కి భద్రపరచాలి. మిగతా గడులలో 'కీప్' అని కనిపిస్తుంటే దాని అర్థం ఒక్కొక్క ఫైలులో ఒక్కొక్కటి ఉంది, దానిని అలాగే ఉంచుతాను అని. ఆ మాటను చెరిపి ఏదైనా రాశారంటే అన్ని పాటలకూ అదే పేరు పడిపోతుంది. మా ఇంట్లో ఒకసారి 14 పాటలకు ఒకే పల్లవి పెట్టిన ఘనత నాది.

ఇక్కడ ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి మన సినిమా పాటలకు ప్రాణం వంటిది. ఒక సినిమాలో ఎనిమిది పాటలుంటే ఒకటి సుశీల పాడి ఉంటారు, ఒకటి ఘంటసాల, ఒకటి ఇద్దరూ కలిసి. పాడినవారు అనే గడిలో ఇలా ఒక్కొక్క పాటకు ఒక్కొక్క పేరు ఉండి, ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా ఉంటే, ఆ ఎనిమిదీ ఒకే సినిమావా కావా అన్నది కోడి తన ఊహతో తేల్చుకోవలసి వస్తుంది. ఒకసారి అన్నిటినీ కలిపి 'వేరియస్ ఆర్టిస్ట్స్' అనే కలగూరగంపలో వేస్తుంది, ఒకసారి ఒకే సినిమాను మూడు ఆల్బమ్‌లుగా చీలుస్తుంది. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరును ఎనిమిది పాటలకూ ఒకేలా రాస్తే ఆ గొడవ ఉండదు. ఆల్బమ్ గడిలో సినిమా పేరు, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సాలూరి రాజేశ్వరరావు, పాడినవారి గడిలో ఆ పాట పాడినవారు: ఈ పద్ధతిని ఒకసారి పట్టుకుంటే, సాలూరి వారి పేరు నొక్కగానే ఆయన సినిమాలన్నీ ఒకచోట నిలబడతాయి.

కర్ణాటక సంగీతానికి లెక్క కొంచెం మారుతుంది. అక్కడ ఆల్బమ్ ఆర్టిస్ట్, పాడినవారు లేదా వాయించినవారు ఇద్దరూ ఒకరే, ద్వారం వెంకటస్వామి నాయుడు అన్నట్టు. త్యాగరాజు వంటి వాగ్గేయకారుడి పేరును మాత్రం కంపోజర్ అనే గడిలో రాయాలి. కోడి ఆ గడిని కూడా చదువుతుంది. లైబ్రరీలో 'రోల్స్' అనే విభాగం తెరిస్తే స్వరకర్తల జాబితా విడిగా దొరుకుతుంది. రాగం, తాళం పాట పేరు పక్కనే రాసుకోవడం నా అలవాటు, ఎందుకంటే వెతికేటప్పుడు రాగం పేరుతో కూడా అది దొరుకుతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారి రచనలను ఈనాటి భాగవతార్లు చెప్పిన రికార్డింగులకు కూడా ఇదే పద్ధతి: రచన దాసు గారిది గనుక కంపోజర్ గడిలో ఆయన, చెప్పినవారు ఆర్టిస్ట్ గడిలో. మన జిల్లా తప్పెటగుళ్లు, జముకుల కథ వంటివి ఉంటే రకం గడిలో ఆ పేర్లే పెట్టుకోండి, జానపదం అని ఒకే గంపలో వేయకండి.

పేర్ల రాత విషయంలో పట్టుదలగా ఉండాలి. విజయనగరంలోనే పుట్టిన సుశీల గారి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని విధాలుగా ఉందో ఒక్క మాస్టారి పెన్‌డ్రైవ్‌లోనే లెక్కపెట్టాను. ఇంటిపేరు అక్షరం పక్కన చుక్క పెట్టి ఒకటి, చుక్క లేకుండా ఒకటి, హెచ్ అక్షరంతో ఒకటి, అది లేకుండా ఒకటి, ఇంటిపేరే లేకుండా ఒకటి. మనకు అందరూ ఒకరే; కోడికి ఐదుగురు సుశీలలు. ఒక్క చుక్క తేడా ఉన్నా వేరే మనిషి అనుకుంటుంది. అందుచేత ఒక కాగితం మీద మీ దగ్గర ఎక్కువగా ఉన్న పదిహేను ఇరవై మంది పేర్లను మీరు ఎలా రాయదలచుకున్నారో రాసి పెట్టుకుని, దానిని చూసి నింపండి. యుగళగీతాలకు ఇద్దరి పేర్ల మధ్య ఒక ఖాళీ, ఒక ఏటవాలు గీత, మళ్లీ ఒక ఖాళీ ఉంచితే కోడి వారిని ఇద్దరిగా గుర్తించి, ఆ పాటను ఇద్దరి కిందా చూపిస్తుంది. కామా పెట్టినా, 'అండ్' అని రాసినా ఆ ఇద్దరూ కలిసి ఒక మూడో మనిషి అయిపోతారు.

వరస సంఖ్య మరచిపోవద్దు. అది లేకపోతే ఆలాపన కంటే ముందు తని ఆవర్తనం రావచ్చు. ఫైళ్లు సరైన వరసలో ఉన్నాయని చూసుకుని, ఎంపీ3ట్యాగ్‌లో కంట్రోల్, కే నొక్కి, వచ్చిన చిన్న తెరలో 'ఓకే' అంటే సంఖ్యలు తానే వేసేస్తుంది.

తెలుగు లిపిలో చీటీ రాయవచ్చా అని అడుగుతారు. రాయవచ్చు, కొత్త తరం చీటీలు, ఫ్లాక్ ఫైళ్లు తెలుగును నిక్షేపంగా దాచుకుంటాయి. తెర మీద కనిపించడం మాత్రం కోడి వాడుతున్న ఫాంట్ మీద ఆధారపడి ఉంటుంది. అక్షరాల బదులు పెట్టెలు కనిపిస్తే సెట్టింగ్స్‌లో 'ఇంటర్‌ఫేస్', అందులో 'స్కిన్' దగ్గర ఫాంట్ మార్చి చూడండి. ముందుగా ఒకే ఒక పాటకు తెలుగులో రాసి, మీ టీవీలో ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా కనిపిస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే మిగతావాటి జోలికి వెళ్లండి. వెయ్యి పాటలకు రాశాక పెట్టెలు కనిపిస్తే ఆ బాధ చెప్పనలవి కాదు. నేను ఇంగ్లీషు అక్షరాలతోనే సరిపెట్టుకున్నాను, కారులోని ప్లేయర్‌కూ అవే చదవడం వచ్చు గనుక.

ఇప్పుడు లైబ్రరీకి చేర్చండి

చీటీలు ఒక కొలిక్కి వచ్చాక కోడిలో మళ్లీ మ్యూజిక్, ఫైల్స్ తెరిచి, మీరు మొదట పెట్టిన పేరు మీద నిలబడి, సీ అక్షరం గానీ ఓకే బొత్తాన్ని నొక్కిపట్టడం గానీ చేసి, లైబ్రరీకి స్కాన్ చేయమనే వరసను ఎంచుకోండి. అన్నీ పూర్తయ్యే వరకు ఆగనవసరం లేదు. పది ఆల్బమ్‌లు సరిచేశాక ఆ ఫోల్డర్లనే ఇలా చేర్చి, ఫలితం చూసుకుని ముందుకు సాగడం మేలు. పైన మూలలో స్కాన్ జరుగుతున్నట్టు కనిపిస్తుంది, అది ముగిశాక మ్యూజిక్ తెరలో ఆర్టిస్టులు, ఆల్బమ్‌లు, రకాలు, సంవత్సరాలు అన్నీ తయారుగా ఉంటాయి. స్కాన్ చేసేటప్పుడు ఇంటర్నెట్ నుంచి గాయకుల వివరాలు, బొమ్మలు తెచ్చే సదుపాయం కూడా ఉంది గాని, మన పాటల విషయంలో దాని మీద ఆశ పెట్టుకోకుండా కట్టి ఉంచితే స్కాన్ వేగంగా అవుతుంది.

ఆల్బమ్ బొమ్మ కావాలనుకుంటే, ఆ బొమ్మకు ఇంగ్లీషు అక్షరాల్లో 'ఫోల్డర్ డాట్ జేపీజీ' అని పేరు పెట్టి ఆల్బమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. విండోస్ ఫైలు పేరులో చివరి జేపీజీని సాధారణంగా దాచి ఉంచుతుంది గనుక మీరు దాన్ని మళ్లీ టైపు చేస్తే పేరు 'ఫోల్డర్ డాట్ జేపీజీ డాట్ జేపీజీ' అయి కూర్చుంటుంది, కోడి దాన్ని గుర్తుపట్టదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' కింద ఎక్స్‌టెన్షన్లు చూపించమని టిక్కు పెట్టుకుంటే ఈ పొరపాటు కంటపడుతుంది.

లైబ్రరీ తయారయ్యాక ఒక చీటీలో తప్పు కనిపించి సరిచేశారు, మళ్లీ స్కాన్ చేశారు, అయినా కోడి పాత పేరే చూపిస్తోంది అనుకోండి. ఫోల్డర్‌లోని ఫైళ్ల పరిమాణమూ, అవి మారిన సమయమూ చూసి ఏదైనా తేడా ఉంటేనే కోడి మళ్లీ చదువుతుంది. ఎంపీ3ట్యాగ్ సెట్టింగుల్లో ఫైలు మారిన సమయాన్ని పాతదిగానే ఉంచే ఒక టిక్కు ఉంది. అది పెట్టి ఉంటే తీసేయండి.

విండోస్ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ నుంచి వినేవారికి ఇంకొక బెడద. ఈరోజు ఈ అనే అక్షరంతో వచ్చిన డ్రైవ్ రేపు ఇంకొక పెన్‌డ్రైవ్ ముందే పెట్టి ఉండటం వల్ల ఎఫ్ అయిపోతుంది. కోడి దృష్టిలో పాటలన్నీ 'ఈ' అక్షరం డ్రైవ్‌లోనే ఉన్నాయి, అక్కడ చూస్తే ఏమీ లేదు, అందుకని ఏ పాట నొక్కినా దొరకలేదంటుంది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే తెర తెరిచి, ఆ పెన్‌డ్రైవ్ మీద మౌస్ కుడి బొత్తాం నొక్కి, డ్రైవ్ అక్షరాన్ని పీ వంటి ఎవరూ వాడని అక్షరానికి మార్చితే అది స్థిరంగా ఉంటుంది. ఈ పనిని కోడిలో ఫోల్డర్ చేర్చకముందే చేసుకోవాలి. పాటలు దొరకడం లేదని చెప్పినప్పుడు కంగారుపడి సెట్టింగుల్లోని 'క్లీన్ లైబ్రరీ' మాత్రం నొక్కకండి. లేని ఫైళ్ల పేర్లను పట్టికలోంచి తీసేయడమే దాని పని, పెన్‌డ్రైవ్ తగిలించి లేనప్పుడు దాని కంటికి అన్నీ లేనివే.

ఇంత శ్రమ పడ్డాక దక్కే సుఖం స్మార్ట్ ప్లేలిస్ట్. మ్యూజిక్‌లో 'ప్లేలిస్ట్స్' తెరిచి కొత్త స్మార్ట్ ప్లేలిస్ట్ ఎంచుకుంటే, నియమాలు రాయమంటుంది. రకం కర్ణాటకం అయి ఉండాలి అని ఒక నియమం పెట్టి, వరస దగ్గర 'ర్యాండమ్' అని, హద్దు 25 పాటలు అని ఎంచుకుని, 'పొద్దుటి పాటలు' అని పేరు పెట్టి భద్రపరచండి. పాటలను మీరు ఏరనక్కరలేదు; తెరిచిన ప్రతిసారీ కోడి చీటీలు చూసి కొత్తగా 25 ఏరుతుంది. దాని మీద జాబితా తెరిచి 'ఫేవరిట్స్' లోకి చేర్చుకుంటే, మొదటి తెర నుంచి రెండు నొక్కుల దూరంలో ఉంటుంది. మాస్టారు రోజూ ఆరున్నరకు టీవీ పెట్టి నొక్కేది ఆ రెండు నొక్కులే.